వెల్డింగ్ షెడ్డు నుంచి ఒక్కరే

“తాతయ్యా, నాన్న సాక్సులు బాల్కనీ తీగ మీద ఉన్నాయని నాన్నకి చెప్పమని అమ్మ నీకు చెప్పమంది.”

మా మనవరాలు ఊపిరి తీసుకోకుండా అప్పగించేసింది. వాళ్ల నాన్న రెండడుగుల దూరంలో సోఫా అంచున కూర్చుని ఉన్నాడు. వాళ్లమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. మధ్యలో నేను, నా చేతిలో పేపరు.

“విన్నావురా?” అన్నాను.

“విన్నాను నాన్నా. థాంక్సని చెప్పు.”

“థాంక్సటమ్మా,” అన్నాను గుమ్మం వైపు తిరిగి.

గుమ్మంలో ఎవరూ లేరు. లోపల గిన్నె ఒకటి కాస్త గట్టిగానే చప్పుడు చేసింది.

అది శనివారం ఉదయం. గురువారం సాయంత్రం వాళ్ల గది తలుపు వెనక నుంచి నేను విన్నవి రెండే మాటలు. “లెక్క అబద్ధం చెప్పదు,” అన్నది కోడలు. “ఆ సంగతి నన్నడక్కండి మేడం,” అన్నది మావాడు. సొంత భార్యని మేడం అన్నాడంటేనే సంగతి ముదిరిందని తెలిసింది. మామూలుగా ‘నువ్వు’ అనే ఆ అమ్మాయి కూడా అప్పటి నుంచి వాడిని ‘మీరు’ అంటోంది. మా ఇంట్లో మర్యాద పెరిగితే భయపడాలి.

సాక్సులు తొడుక్కుని వాడు ఫ్యాక్టరీకి వెళ్లిపోయాడు. శనివారం ఆఫీసుకి సెలవు గనక కోడలు భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచి కూర్చుంది. ముందు ఒక టీ కప్పు చల్లారిపోయి ఉంది. వెనక ఇంకొకటి చల్లారిపోయి ఉంది. నేను మూడోది పెట్టాను.

సోమవారం పది గంటలకి ఫ్యాక్టరీ జీఎం గదిలో మీటింగు. అక్కడ తను చూపించే లెక్కని బట్టి, అదే ఫ్యాక్టరీకి తను నడిపే వెబ్‌సైటు ఉండాలో పోవాలో తేలుస్తారు. సైటుతో పాటే తన ఉద్యోగమూ. పాప పుట్టాక ఏడేళ్లు ఇంట్లో ఉండి, మళ్లీ తన కాళ్ల మీద తాను లేచి వెళ్లి తెచ్చుకున్న ఉద్యోగం.

బస్సు బాడీలు కట్టే ఫ్యాక్టరీ అది. ఆరువందల మంది. లోపలివాళ్లు మాత్రమే చూసుకునే సైటు, ఇంట్రానెట్ అంటారు, మా కోడలు చేరేనాటికే వాళ్లకి ఉంది. తెరిస్తే జీఎంగారి ఫొటో, దాని కింద జీఎంగారి సందేశం, దాని కింద జీఎంగారిదే ఇంకో ఫొటో. జీఎంగారి పీఏ తప్ప దాన్ని తెరిచిన పాపాన పోయినవాళ్లు లేరు.

తను ముందు రెండు నెలలు షెడ్డుల్లో స్టూలు వేసుకుని కూర్చుంది. మనుషులు రోజూ ఒకరినొకరు ఏమేం అడుగుతారో నోటుబుక్కులో రాసుకుంది. రేపు నాది ఏ షిఫ్టు? నాలుగో నంబరు బస్సుకి కిటికీలు వచ్చాయా? నా సైజు గ్లవ్సు స్టోర్సులో ఉన్నాయా? నా సెలవు మంజూరైందా? ఆ ప్రశ్నలన్నీ తీసుకెళ్లి మొదటి పేజీలో పెట్టి, జీఎంగారిని అడుగున ఓ మూలకి పంపింది. అంత ధైర్యం ఆ పిల్లకే చెల్లింది. గేటు పక్కన గోడకున్న పాత నోటీసు బోర్డు తీయించేసరికి, వర్కర్లు ఈ సైటుకే ‘గోడ’ అని పేరు పెట్టుకున్నారు.

జీఎం మూడు నెలలు గడువిచ్చాడు. ఆరువందల్లో సగం మంది రోజూ తెరవాలి. ఇప్పుడు ఆఫీసూ, పెయింటింగూ, సీట్లు కుట్టేవాళ్లూ అంతా కలిపి రెండువందల యాభై. వెల్డింగ్ షెడ్డులో నూట నలభై మంది ఉంటే, అక్కడి నుంచి తెరుస్తున్నది ఒక్కరే.

ఆ షెడ్డు ఫోర్‌మన్ మావాడే. ఆ ఒక్కరూ వాడే.

“అమ్మా, నేను మీ ఇద్దరికీ తపాలా బంట్రోతునైపోయాను,” అన్నాను టీ ముందుకు జరిపి. “కనీసం స్టాంపులైనా అతికించండి.”

నవ్వింది. నవ్వు సగంలో ఉండగానే కళ్లు నిండాయి.

“మీకు చూపించకూడదనుకున్నాను మామయ్యా. మూడు రోజులు దాచాను. ఇంక నావల్ల కావట్లేదు.”

ఫైల్లోంచి ఒక కాగితం తీసి, తిరగేసి బల్ల మీద పెట్టింది. నేను కళ్లజోడు తుడుచుకుని చూశాను. సైటులో పెట్టిన సెలవు అర్జీ అది. ‘అమ్మకి కంటి ఆపరేషన్. పక్కన వుండటానికి ఎవరు లేరు. సోమవారం సెలవు ఇప్పించగలరు.’ కింద మావాడి ఉద్యోగి నంబరు, సైటు తెరవడానికి కొట్టేది.

నా భార్య పోయి నాలుగేళ్లు. ఆవిడకీ కంటికి పొర వచ్చింది. వచ్చే నెల చూద్దాం, పై నెల చూద్దాం అంటూ ఇద్దరం కలిసే వాయిదా వేశాం. ఆ నెల రాలేదు.

కాగితం రెండోసారి కూడా చదివాను. కోపం రావాలి కాబోలు. నాకు మాత్రం, మావాడి నంబరు పైన ‘అమ్మ’ అన్న మాట చూసి, ఒక్క క్షణం ఆవిడ ఎక్కడో ఆస్పత్రిలో కంటికి గంతలతో కూర్చుని, మనవాళ్లు ఎప్పుడొస్తారా అని ఎదురుచూస్తోందనిపించింది. ఆ క్షణం బాగుంది. వెంటనే పోయింది, అది వేరే సంగతి.

“సోమవారమే మామయ్యా! నా మీటింగు రోజే,” అంటోంది కోడలు. “ఫోర్‌మన్లందరూ రావాలి ఆ మీటింగుకి. సొంత షెడ్డులో ఒక్కణ్ని కూడా కదిలించలేకపోయాడని నలుగురూ నవ్వుతారని తప్పించుకోవాలనుకున్నారు. సరే, తప్పించుకోనీండి. అత్తయ్యని అడ్డం పెట్టుకుంటారా?”

“వాడినడిగావా?”

“అడిగాను. నేను పెట్టలేదన్నారు. మరి మీ నంబరు కదా అంటే, ఆ సంగతి అడక్కన్నారు. మీ షెడ్డులో ఒక్కరైనా చూడరేం అంటే, అందరూ చూస్తున్నారన్నారు. ఎలా నమ్మను? నంబరు ఆయనది, లెక్క నాది, కళ్లెదురుగా ఒకటి అని కనిపిస్తుంటే!”

“చిన్నప్పుడు అబద్ధమాడితే వాడికి చెవులు ఎర్రబడేవి. గురువారం ఎలా ఉన్నాయి?”

“వెల్డింగ్ షెడ్డులో పనిచేసేవాడి చెవులు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి మామయ్యా!”

కాగితం తీసి తన ఫైల్లో పెట్టేశాను. ఆ కాగితం నా నుంచి మూడు రోజులు దాచిందే, ఆ సంగతే ఆలోచిస్తున్నాను. అంత కోపంలో ఉన్న మనిషి ఇంకొకరి గాయం గురించి ఆలోచించడం చిన్న విషయం కాదు.

“ఆ టీ అయినా తాగు,” అన్నాను. తాగింది.

ఆదివారం పొద్దున మావాడు కూతురి సైకిలుకి చైను వేయించడానికి వెళ్లాడు. వాళ్లు మలుపు తిరిగారో లేదో, కాలింగ్ బెల్లు మోగింది.

యాభై ఏళ్లుంటాయి ఆవిడకి. ముంజేతుల మీద చిన్న చిన్న కాలిన మచ్చలు. వెల్డింగ్ షెడ్డులో అతుకులు నున్నగా అరగదీసే పని. రోజంతా నిప్పురవ్వల మధ్య ఉంటుంది కాబట్టి అందరూ రవ్వలక్క అంటారని ఆవిడే చెప్పింది. చెప్పులు బయట విడిచి, కుర్చీ అంచున కూర్చుంది.

“సార్ లేరా? పోనీలెండి, మీరే నయం,” అంది కోడలితో. “గోడ సంగతే కదా. ఆదివారం గోడకి సెలవా అమ్మా? వాచ్‌మన్ని బతిమాలి లోపలికెళ్లా. షెడ్డుకి తాళం. ఇప్పుడేం చెయ్యను?”

“ఏం చూడాలక్కా?”

“నా సెలవే. బుధవారం పెట్టా. పరిశీలనలో ఉంది, పరిశీలనలో ఉంది అంటది. ఇంకెన్నాళ్లు పరిశీలిస్తారు? మా అమ్మకి రేపు పొద్దునే కంటి ఆపరేషనాయె.”

మంచినీళ్ల గ్లాసు అందిస్తున్న కోడలి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. గ్లాసు నేనందుకుని ఇచ్చాను.

“మీరా... పెట్టింది? మీ నంబరు మీద మీరు ఒక్కసారి కూడా తెరవలేదే!”

“నా నంబరెందుకమ్మా, సార్ నంబరు ఉండగా? అందరం దాని మీదే చూస్తాం.”

“అందరూ అంటే?”

“అందరూ అంటే అందరూ. స్టోర్సులో మూలన పడేసిన కంప్యూటరుంది చూడండి, దాన్ని సిలిండర్ల ట్రాలీ మీదెక్కించారు సార్. మా మసిచేతులకి పాడైపోకుండా కీబోర్డుకి ప్లాస్టిక్ తొడుగు. పొద్దున షట్టరు ఎత్తంగానే తన నంబరు కొట్టి తెరిచి పెడతారు. ఇంక సాయంత్రం దాకా అంతే. టీ బెల్లు కొడితే టీ దగ్గర కంటే దానిదగ్గరే పెద్ద క్యూ. చూడ్డమే గానీ ఇదివరకు ఎవరం దాంట్లో ఏం రాయలేదు. నేనే మొదటిసారి రాశా. ఒక్కో అక్షరం వెతుక్కుని, అరగంట పట్టింది.” ఆవిడ ముఖంలో గర్వం తొంగిచూసింది. అంతలోనే చటుక్కున నాలిక కరుచుకుంది. “అయ్యయ్యో! మీకు చెప్పొద్దన్నారు సార్. నా నోట్లో నువ్వుగింజ నానదు కదా!”

“ఎందుకు చెప్పొద్దన్నారు?”

“పెళ్లాం ఉద్యోగం కోసం మొగుడు జనాన్ని తోలాడని అంటారంట. ఆవిడ సొంతంగా నిలబెట్టుకుంటోంది, నా పేరు మధ్యలో రాకూడదన్నారు.”

కోడలు నెమ్మదిగా కూర్చుంది.

“ఎవరి పాస్‌వర్డు వాళ్లకి ఇచ్చాం కదక్కా. చీటీల మీద రాసి మరీ ఇచ్చాం.”

“ఇచ్చారమ్మా, కాదన్లేదు. పెద్దక్షరం ఒకటి, చిన్నది ఒకటి, అంకె ఒకటి, ఆ పైన ఏదో వంకర గుర్తొకటి. రెండు జతల గ్లవ్సు ఊడదీసి, చేతులు తుడుచుకుని, అది కొట్టేలోపు మళ్లీ బెల్లు కొట్టేస్తారు.”

కోడలు లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. మనుషుల లెక్క కాక, ఏ పేజీ ఎన్నిసార్లు తిప్పారో చూపే లెక్క తెరిచింది. మావాడి నంబరు మీద గురువారం ఒక్క రోజే షిఫ్టుల పేజీ నూట ఇరవై ఆరు సార్లు చూసి ఉంది. గ్లవ్సుల పేజీ నలభై సార్లు.

“ఒక మనిషి తన షిఫ్టు నూట ఇరవై ఆరు సార్లు చూసుకుంటాడా మామయ్యా? నేను మనుషుల్నే లెక్కపెట్టాను. ఇది చూడనే లేదు.” నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది. “రెండు నెలలు ఆ షెడ్డులో కూర్చున్నాను. ఎవరి గ్లవ్సు ఏ సైజో రాసుకున్నాను. గ్లవ్సు వేసుకుని పాస్‌వర్డు కొట్టలేరని మాత్రం నాకు తట్టలేదు.”

షెడ్డువాళ్ల సెలవులు ఫోర్‌మన్ దగ్గరికి వెళ్తాయి. ఫోర్‌మన్ నంబరు మీద పెట్టిన సెలవు పై ఆఫీసుకి వెళ్తుంది. రవ్వలక్క సెలవు నాలుగు రోజులుగా అక్కడ కూర్చుని ఉంది, ఎవరి అమ్మకో ఎవరికీ తెలియకుండా.

అప్పుడే మావాడు సైకిలు మోసుకుంటూ లోపలికొచ్చాడు. రవ్వలక్కని చూశాడు, పెళ్లాం ముఖం చూశాడు, సైకిలు దింపాడు.

“నువ్వు రేపు రావద్దక్కా,” అన్నాడు ముందుగా. “మామూలు కాగితం మీద రాసిచ్చి వెళ్లు. నేను సంతకం పెడతాను.”

ఆవిడని గుమ్మం దాకా సాగనంపి వచ్చాను.

“నేను కాదు, ఆవిడ పెట్టిందని ఒక్క మాట చెప్పొచ్చుగా!” అంది కోడలు.

“చెబితే? మొదటి పేజీలో ఏం రాశావు నువ్వు?”

ఆ అమ్మాయి లాప్‌టాప్ మూత దించింది. ఏం రాసిందో నాకూ తెలుసు. ఎవరి నంబరు వారిదే, ఒకరిది ఇంకొకరు వాడితే ఇద్దరికీ సస్పెన్షన్. ఆ నంబరు వెనక మనిషి జీతం చీటీ, డాక్టరు చీటీ ఉంటాయి కాబట్టి, ఆ రూలు ఉండి తీరాలని జీఎంతో వాదించి పెట్టించింది తనే.

“వాళ్లమ్మకి ఆపరేషన్ అయ్యేదాకా ఆగుదామనుకున్నాను,” అన్నాడు వాడు. “ఆ తర్వాత చెప్పేవాణ్నే.”

“ఈలోపు నేను నిన్ను ఏమేం అన్నానో! అత్తయ్య పేరు కూడా ఎత్తాను.”

“అన్నావులే. అమ్మ వింటే నీవైపే మాట్లాడేది. ఎప్పుడు నావైపు మాట్లాడింది గనక?”

అది మాత్రం నిజం.

మూడు రోజుల తర్వాత వాళ్లు ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోవడం చూశాను. హమ్మయ్య అనుకునేలోపే మళ్లీ మొదలైంది.

“రేపు మీటింగులో చెప్పెయ్యి,” అన్నాడు. “షెడ్డంతా చూస్తోందని చెప్పు. నీ రెండువందల యాభైకి మా నూట నలభై కలిస్తే సగం దాటిపోతుంది. నీ సైటుకి ఢోకా లేదు.”

“చెబితే నీకు సస్పెన్షన్.”

“కానీ.”

“పదహారేళ్ల సర్వీసు! ఫోర్‌మన్‌గిరీ ఊడిపోతుంది.”

“పోతే పోయింది. చేతిలో వెల్డింగు ఉంది. ఎక్కడైనా బతుకుతాను.”

“నేను చెప్పను.”

“నువ్వు చెప్పకపోతే రేపటి నుంచి మళ్లీ ఆ నోటీసు బోర్డే. అక్క లాంటివాళ్ల సెలవు చీటీలు మళ్లీ ఎవరి సొరుగులోనో పడి ఉంటాయి. అంత కష్టపడింది అందుకేనా?”

“నీ ఉద్యోగం అమ్ముకుని నా ఉద్యోగం నిలబెట్టుకోమంటావా?”

“నువ్వు చెప్పకపోతే నేను చెబుతా.”

“చెప్పి చూడు, నీ సంగతి చెబుతా!”

మా మనవరాలు నా చొక్కా పట్టుకుని లాగింది. “తాతయ్యా, ఇప్పుడు నేను ఎవరికేం చెప్పాలి?”

“ఎవరికీ ఏం చెప్పక్కర్లేదమ్మా. మన ఇద్దరికీ ఇవాళ సెలవు.”

గొంతులు పెరుగుతున్నా నేను అడ్డుపడలేదు. మూడు రోజుల నిశ్శబ్దం తర్వాత ఆ పోట్లాట చెవికి ఎంతో హాయిగా ఉంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర కూడా సాగింది. చివరికి తనే, “ఈ విషయం మళ్లీ ఎత్తావంటే నా మీద ఒట్టు,” అంది. వాడు తలదించుకుని తిన్నాడు. ఒట్టేశాడా అంటే వెయ్యలేదు. నేను గమనించాను. తను గమనించలేదు.

సోమవారం నేను లేచేసరికి వాడి స్కూటరు లేదు.

“ఏడింటికి కదా షిఫ్టు, ఐదున్నరకే వెళ్లాడేమిటి?” అంటూ కోడలు మీటింగుకి కావలసిన లెక్కలు చూసుకుందామని లాప్‌టాప్ తెరిచింది. తెరిచి అలాగే ఉండిపోయింది. నేను పాప జడలు వేస్తున్నాను. సగం వేసిన జడ చేతిలో పట్టుకునే వెళ్లి చూశాను. జడతో పాటు పాపా వచ్చింది.

ఆరువందల మందికీ కనపడే మొదటి పేజీలో, అందరూ ప్రశ్నలు అడిగే చోట, ఆరుంబావుకి మావాడు రాశాడు.

‘వెల్డింగ్ షెడ్డు ఫోర్‌మన్ రాస్తున్నది. మూడు నెలలుగా మా షెడ్డులో నూట నలభై మంది గోడ చూస్తున్నారు. అందరూ నా నంబరు మీదే చూశారు. రూలు తెలిసే రోజూ తెరిచి పెట్టాను. తప్పు నాది, వాళ్లది కాదు. సైటు నడిపే మేడంకి ఈ సంగతి తెలియదు. తెలిస్తే ఒప్పుకునేవారు కాదు. ఈ రోజు నుంచి మా వాళ్లు ఎవరి నంబరు వాళ్లు వాడతారు. గోడ మాత్రం తీయవద్దని మనవి.’

“చూశారా మామయ్యా? చూశారా ఏం చేశాడో!” అంది. తిడుతోందో ఏడుస్తోందో ఆ గొంతులో తేలలేదు.

కింద ఇంకేదో కనిపించింది. వేరే నంబరు. ‘నేను రోజు షిఫ్టు చూస్తాను.’ దాని కింద మరొకటి. ‘నేను కూడ. గ్లవ్సు తీసి కొడుతున్న, తప్పులుంటే మన్నించండి.’ ఇంకొకరు ఉత్త నంబరు కొట్టి ఊరుకున్నారు. ఉన్నానని చెప్పడానికి అది చాలనుకున్నారేమో.

షిఫ్టుకి వచ్చినవాళ్లు ఆ ట్రాలీ దగ్గర ఒక్కొక్కరే గ్లవ్సు తీసి, చేతులు తుడుచుకుని, పెద్దక్షరం, చిన్నక్షరం, అంకె, వంకర గుర్తు వెతుక్కుంటూ ఉండి ఉంటారు. వెనక క్యూ ఉండి ఉంటుంది. తెర మీద పక్కన వెల్డింగ్ షెడ్డు లెక్క ఒకటి నుంచి నాలుగైంది. తొమ్మిదైంది. పదిహేడైంది. కోడలు అంకె మారినప్పుడల్లా పెదాలు కదుపుతోంది.

“ఇందులో తెలియదని రాశాడు,” అంది ఉన్నట్టుండి. “నాకు నిన్నటి నుంచీ తెలుసు కదా.”

ఫోను మోగింది. అటు చూసి, నావైపు చూసింది. జీఎం.

“నమస్తే సార్.” ఫోను స్పీకరులో పెట్టింది, ఒంటరిగా వినలేక.

“చూశావామ్మా?” పెద్దవయసు గొంతు, నిద్ర లేనట్టు ఉంది. “ఒక్కటే అడుగుతాను. ఫోర్‌మన్ని ఏం చెయ్యాలో తర్వాత చూసుకుంటాను. నీకు తెలియదని రాశాడు. అది నిజమేనా?”

అవునంటే చాలు. షెడ్డు లెక్క తనది, సైటు తనది, ఉద్యోగం తనది. మావాడు ఆ ఒక్క మాట కోసమే పొద్దున్నే లేచి వెళ్లాడు. తన భర్త అబద్ధాన్ని తను నిజం చేస్తే సరిపోతుంది. నేను తల ఊపలేదు, అడ్డంగానూ ఊపలేదు. ఇలాంటప్పుడు పెద్దవాళ్లు ఏదో చెబుతారని పిల్లలు అనుకుంటారు గానీ, మాకూ ఏమీ తెలియదు.

“కాదండి,” అంది. “నిన్న పొద్దున తెలిసింది. తెలిసీ మీకు చెప్పలేదు. ఇవాళ మీటింగులో కూడా చెప్పకూడదనుకున్నాను.”

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. తెర మీద అంకె ముప్పై ఒకటికి మారింది.

“పదింటికి కాదు,” అన్నాడు ఆయన చివరికి. “ఇప్పుడే రా. నువ్వు వచ్చేసరికి ఫోర్‌మన్ని కూడా నా గదికి పిలిపిస్తాను.”

ఫోను పెట్టేసింది. లాప్‌టాప్ మూయకుండానే లేచి, చెప్పుల కోసం వెతుక్కుంటూ ఒక్క నిమిషం గుమ్మంలో ఆగింది.

“మామయ్యా, ఇవాళ పాపని స్కూల్లో మీరు దింపాలి. అక్కడ మీ అబ్బాయి పక్కన ఉండటానికి ఎవరూ లేరు.”